వీడియో కాల్ మధ్యలో ల్యాప్‌టాప్ క్రాష్, తెర మీద ఎన్‌డీఐఎస్ డాట్ సిస్ పేరు: వైఫై డ్రైవర్ మార్చినా ఆగట్లేదు

పెన్నా_ఒడ్డు (బెంగళూరు, వైట్‌ఫీల్డ్)

అందరికీ నమస్కారం. సమస్య వివరంగా రాస్తున్నాను.

మెషీన్: ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, విండోస్ 11 హోమ్, 24హెచ్2. పీజీలో నెట్ వైఫై ద్వారా వస్తుంది.

వీడియో కాల్ మొదలైన ఇరవై నిమిషాల నుంచి గంట లోపల తెర నల్లగా మారి రీస్టార్ట్ అవుతోంది. స్టాప్ కోడ్ "డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్", కింద "వాట్ ఫెయిల్డ్" దగ్గర ఎన్‌డీఐఎస్ డాట్ సిస్. మామూలుగా బ్రౌజ్ చేస్తే రోజంతా ఏమీ కాదు. ఇది కాక వారంలో రెండు మూడు సార్లు షట్‌డౌన్ దగ్గర చక్రం తిరుగుతూ చాలాసేపు ఆగిపోయి, చివరికి ఇంకో కోడ్‌తో క్రాష్ అవుతోంది: "డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్".

చేసినవి: డివైస్ మేనేజర్‌లో వైఫై డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, రెండుసార్లు. ఫోన్‌కి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి కాల్ చేసినా ఒకసారి క్రాష్ అయింది. ఎన్‌డీఐఎస్ డాట్ సిస్ ఫైలునే మార్చాలా? మారిస్తే ఎక్కడి నుంచి తేవాలి?

గుంటూరుమిర్చి

కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్, తర్వాత నెట్‌ఎస్‌హెచ్ ఐఎన్‌టీ ఐపీ రీసెట్ కొట్టి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ తగ్గకపోతే విండోస్ మళ్లీ వేసుకోవడమే, ఒక పూటలో అయిపోతుంది.

నల్లమల

పెన్నా గారూ, ఎన్‌డీఐఎస్ డాట్ సిస్‌ని దయచేసి ముట్టుకోకండి. ఇంటర్నెట్‌లో ఏవేవో సైట్లు ఆ ఫైలు ఒక్కటే డౌన్‌లోడ్‌కి పెడతాయి, అసలు నమ్మొద్దు. అది విండోస్ సొంత ఫైలు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌కీ, పైన ఉండే టీసీపీ ఐపీ పొరకీ నడుమ నిలబడి ప్యాకెట్లను అటూ ఇటూ అందించడం దాని పని. నెట్‌వర్క్ దారిలో ఎవరు తప్పు చేసినా ఆ క్షణంలో నడుస్తున్నది ఎన్‌డీఐఎస్సే కాబట్టి తెర మీద దాని పేరు పడుతుంది. పోస్ట్‌మ్యాన్ చేతిలో పేలిన పార్శిల్ పోస్ట్‌మ్యాన్ కట్టింది కాదు కదా. తెర మీద పేరు దొరికిన చోటు మాత్రమే చెబుతుంది, చేసినవాణ్ని చెప్పదు. ఆ ఫైలు నిజంగా పాడైందేమోనని అనుమానం ఉంటే ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ కొడితే చాలు, విండోస్ తనే సరిచూసుకుంటుంది.

మిర్చి గారు చెప్పిన రెండు కమాండ్లూ ఈ సమస్యకు తగలవు. విన్‌సాక్ రీసెట్ అప్లికేషన్ల వైపు ఉండే కేటలాగ్‌ని సరిచేస్తుంది, ఐపీ రీసెట్ రిజిస్ట్రీలో టీసీపీ సెట్టింగులను మొదటికి తెస్తుంది. "నెట్ కనెక్ట్ అయింది కానీ పేజీ తెరుచుకోవట్లేదు" అన్నప్పుడు అవి పనికొస్తాయి. కెర్నల్‌లో (విండోస్ నడిగుండెలో) కూర్చున్న డ్రైవర్ జోలికి రెండూ వెళ్లవు.

మీ పోస్టులో అన్నిటికంటే విలువైన వాక్యం టెథరింగ్ గురించి రాసింది. ఫోన్ టెథరింగ్‌కి విండోస్‌లో వేరే డ్రైవర్ ఉంటుంది, వైఫై కార్డుతో దానికి సంబంధం లేదు. అయినా క్రాష్ అయిందంటే, రెండు దారులకీ ఉమ్మడిగా ఉన్నది ఏదో అడ్డు పడుతోంది. మొదటి క్రాష్‌లో వైఫై డ్రైవర్ నిర్దోషి అని నా అనుమానం. షట్‌డౌన్ క్రాష్ వేరే కేసు కావచ్చు, రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

సీ డ్రైవ్, విండోస్ ఫోల్డర్, అందులో మినీడంప్ ఫోల్డర్. క్రాష్ అయిన క్షణంలో మెమరీలో ఏముందో విండోస్ రాసిపెట్టే డంప్ ఫైళ్లు అక్కడే పడతాయి. అందులో ఏమున్నాయో చెప్పండి.

పెన్నా_ఒడ్డు

ఫోల్డర్ ఉంది అన్నా, ఖాళీ. డంప్ ఫైళ్లు ఏమీ లేవు.

నల్లమల

అయితే ముందు డంప్ పడేలా చేసుకోవాలి, అప్పటిదాకా డ్రైవర్లు మార్చడం ఆపండి. కమాండ్లు, ఫైలు పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

రన్ బాక్స్‌లో ఎస్‌వైఎస్‌డీఎం డాట్ సీపీఎల్. "అడ్వాన్స్‌డ్" ట్యాబ్, "స్టార్టప్ అండ్ రికవరీ" కింద "సెట్టింగ్స్". "రైట్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్" దగ్గర "ఆటోమేటిక్ మెమరీ డంప్" పెట్టండి. దీనివల్ల పెద్ద ఫైలుతో పాటు మినీడంప్ కూడా పడుతుంది. "ఆటోమేటికలీ రీస్టార్ట్" టిక్ తీసేస్తే తెర అలాగే నిలబడుతుంది, కోడ్ తీరిగ్గా చదువుకోవచ్చు.

ఫోల్డర్ ఖాళీగా ఉండటానికి నేను చూసే కారణాలు రెండు. ఒకటి, "స్పీడ్ పెరుగుతుంది" అని ఎవరో చెబితే పేజ్‌ఫైల్ (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు) తీసేయడం. క్రాష్ అయిన క్షణంలో విండోస్ డంప్‌ని ముందు పేజ్‌ఫైల్‌లోకే రాస్తుంది, మళ్లీ బూట్ అయ్యాక అక్కడి నుంచి ఫైలుగా మారుస్తుంది. పేజ్‌ఫైల్ లేకపోతే రాయడానికి చోటే లేదు. అదే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీకి వెళ్లి "సిస్టమ్ మేనేజ్‌డ్ సైజ్" పెట్టండి, సీ డ్రైవ్ మీదే ఉండాలి. రెండు, క్లీనర్ యాప్‌లు. అవి మినీడంప్‌లను చెత్త కింద లెక్కేసి ఊడ్చేస్తాయి.

ఈలోగా పాత క్రాష్‌ల లెక్క ఈవెంట్ వ్యూయర్‌లో దొరుకుతుంది. విండోస్ లాగ్స్, సిస్టమ్‌లో కెర్నల్ పవర్ 41 నంబర్ ఈవెంట్లు వెతికి, డీటెయిల్స్ ట్యాబ్‌లో "బగ్‌చెక్ కోడ్" చూడండి. చాలామంది ఇక్కడే తికమక పడతారు: తెర మీద కోడ్ హెక్సాలో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటుంది, ఇక్కడ మామూలు దశాంశంలో ఉంటుంది. 209 అంటే డీ1, మీ మొదటి క్రాష్. 159 అంటే 9ఎఫ్, షట్‌డౌన్ క్రాష్. 307 కనపడితే అది 133, డీపీసీ వాచ్‌డాగ్: డ్రైవర్ కాసేపటికి వాయిదా వేసుకున్న పని (డీపీసీ) గడువు దాటితే వచ్చేది. అక్కడ 0 ఉంటే విండోస్ క్రాష్ కోడ్ ఏదీ నమోదు చేయలేదన్నమాట. కరెంటు తెగడమో, బ్యాటరీ, అడాప్టర్, వేడి వల్ల ఆగడమో, పూర్తిగా బిగుసుకుపోవడమో అయి ఉంటుంది, దానికి ఈ వైద్యం పనికిరాదు.

ఇంకో రెండు నంబర్లు కూడా వెతకండి. సోర్స్ ఎన్‌డీఐఎస్ అని, ఈవెంట్ 10400 ఉంటే నెట్‌వర్క్ కార్డు తనంతట తాను రీసెట్ అవుతోందని అర్థం. 10317 కనపడి, అందులో పవర్ ట్రాన్సిషన్ అన్న మాట ఉంటే, నిద్ర నుంచి లేచేటప్పుడు కార్డు లేవలేకపోయిందని.

ఎస్పీరోడ్_టెక్

డంప్ వచ్చేలోపు హార్డ్‌వేర్ వైపు నుంచి రెండు మాటలు. చదివే మిగతావాళ్లకు కూడా పనికొస్తాయి.

10400 ఈవెంట్లు గంటకు నాలుగైదు కనపడితే కార్డు స్లాట్‌లో కదిలిందేమో చూడాలి. ల్యాప్‌టాప్ వైఫై కార్డు ఎక్కువగా ఎం డాట్ 2, 2230 సైజు: 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు. ఒకే స్క్రూ, రెండు సన్నటి యాంటెన్నా వైర్లు. పవర్ ఆపి, బ్యాటరీ కనెక్టర్ తీశాకే చేయి పెట్టాలి. వైర్ల బిళ్లలను పక్కకు లాగకూడదు, ప్లాస్టిక్ ముక్కతో నిలువుగా పైకి లేపాలి, ఆ బిళ్ల లోపలి పిన్ను వంగితే వైరే మార్చాలి. బంగారు రంగు అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. వైర్లు తిరిగి పెట్టేటప్పుడు టిక్కుమని కూర్చోవాలి. సగం కూర్చుంటే సిగ్నల్ ఒక గీతకు పడిపోతుంది, మళ్లీ డ్రైవర్‌నే తిడతాం.

కార్డు మార్చాల్సి వస్తే ఎస్పీ రోడ్డుకి (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్) వెళ్లే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంటెల్ ఏఎక్స్201 లాంటివి సీఎన్‌వీఐ రకం, అందులో సగం పని ప్రాసెసర్ వైపు చిప్‌సెట్ చేస్తుంది. స్లాట్‌లో చక్కగా దూరుతుంది కానీ ఏఎండీ మెషీన్లలోనూ పాత ఇంటెల్ మెషీన్లలోనూ అసలు గుర్తించదు. ఏఎక్స్210 మామూలు పీసీఐఈ రకం, రెండిటిలోనూ నడుస్తుంది. షాపులో పక్కపక్కనే ఉంటాయి, నంబర్ చదివే తీసుకోండి.

ల్యాన్ కేబుల్ వాడేవాళ్లకు: ఇక్కడ పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో కేబుల్ చాలాచోట్ల మేడ మీది స్విచ్ నుంచి బయట గోడ వెంట దిగుతుంది. ఉరుములతో వాన పడ్డాక పోర్ట్ పూర్తిగా కాలకుండా సగం దెబ్బతినడం మామూలే. గుర్తు ఏమిటంటే లింక్ స్పీడ్ 1 జీబీపీఎస్ నుంచి 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, 100కి రెండు జతలు చాలు. ముందు కేబుల్ మార్చి చూడండి. కొత్త కేబుల్‌తోనూ 100 దగ్గరే ఆగితే, అదే కేబుల్ వేరే మెషీన్‌లో 1 జీబీపీఎస్ చూపిస్తే, పోర్టే పోయింది. లింక్ తెగుతూ అతుక్కుంటూ ఉంటే డ్రైవర్ పదేపదే రీసెట్ అవుతుంది, బాగున్న డ్రైవర్ కూడా అలాంటప్పుడు తడబడుతుంది.

పెన్నా_ఒడ్డు

డంప్ పడింది అన్నా. పేజ్‌ఫైల్ నిజంగానే "నో పేజింగ్ ఫైల్" అని ఉంది, సరిచేశాను. 41 ఈవెంట్లలో 209 తొమ్మిదిసార్లు, 159 నాలుగుసార్లు. 10400 ఒక్కటీ లేదు.

విన్‌డీబీజీ (డంప్ చదివే టూల్) మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకుని, డంప్‌ని డెస్క్‌టాప్‌కి కాపీ చేసి తెరిచాను. అనలైజ్ కమాండ్ ఇచ్చాక వచ్చినవి:

బగ్‌చెక్ డీ1. మొదటి ఆర్గ్యుమెంట్ 28, ముందంతా సున్నాలే. రెండోది 2. మూడోది 0. నాలుగోది పెద్ద అడ్రస్.

స్టాక్‌లో (ఎవరు ఎవరిని పిలిచారో చూపే జాబితా) పై నుంచి: కేఈ బగ్‌చెక్ ఈఎక్స్, కేఐ బగ్‌చెక్ డిస్పాచ్, కేఐ పేజ్‌ఫాల్ట్, తర్వాత ఎన్‌డీఐఎస్ లైను ఒకటి, తర్వాత ఒక తెలియని పేరు రెండుసార్లు, మళ్లీ ఎన్‌డీఐఎస్ నాలుగైదు లైన్లు, వాటి కింద వైఫై డ్రైవర్.

ఆ తెలియని పేరు ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఒక యాంటీవైరస్‌ది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రెండేళ్లయింది! ఫైలు పేరులో కంపెనీ పేరు ఉంది కాబట్టి ఇక్కడ రాయట్లేదు.

నల్లమల

దొరికింది. ఎలా చదవాలో విడమరచి రాస్తాను, ఇదే కోడ్‌తో వచ్చేవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు.

డీ1లో నాలుగు అంకెలకీ అర్థం ఉంది. మొదటిది డ్రైవర్ ఏ మెమరీ చిరునామాను తాకబోయిందో. రెండోది ఆ క్షణంలో ఐఆర్‌క్యూఎల్, అంటే ప్రాసెసర్ చేస్తున్న పని ప్రాధాన్య మెట్టు, ఎంత అన్నది. మూడోది 0 అయితే చదవబోయింది, 1 అయితే రాయబోయింది, 8 అయితే అక్కడి కోడ్‌ని నడపబోయింది. నాలుగోది ఆ పని చేసిన సూచన ఎక్కడుందో.

మీకు రెండోది 2. అంటే డిస్పాచ్ లెవెల్. నెట్‌వర్క్ డ్రైవర్లు ప్యాకెట్ అందుకునేటప్పుడు ఎక్కువగా ఈ మెట్టు మీదే ఉంటాయి. ఆ మెట్టు మీద ఉన్నప్పుడు మెమరీలో లేని పేజీని డిస్క్ నుంచి తెచ్చుకునే వీలు విండోస్‌కి ఉండదు. పేజ్ ఫాల్ట్ వచ్చిందా, ఆపేయడమే. అప్లికేషన్ అయితే అదొక్కటే మూతపడుతుంది, కెర్నల్‌లో నడిచేది తప్పు చేస్తే మెషీన్ మొత్తం ఆగాలి. 2024 జూలై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కెర్నల్ డ్రైవర్ ఒకటి చదవకూడని చోట చదివితే, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఇప్పుడు ఆ 28 చూడండి. ఇది ర్యామ్ పాడైతే వచ్చే రకం అంకె కాదు. ర్యామ్ తప్పుల్లో చిరునామాలు ఎక్కడెక్కడివో ఉంటాయి, డంప్‌కో మాడ్యూల్ పేరు వస్తుంది. సున్నా పక్కనే చిన్న అంకె అంటే ఒకటే కథ: డ్రైవర్ చేతిలో ఒక స్ట్రక్చర్ పాయింటర్ (డేటా మెమరీలో ఎక్కడుందో చెప్పే చిరునామా) ఉండాలి, అది ఖాళీ. ఖాళీ అని చూసుకోకుండా దాని లోపల 28వ స్థానంలో, హెక్సా కాబట్టి 40 బైట్ల దూరంలో, ఉన్న ఫీల్డుని చదవబోయింది. సున్నాకి 28 కలిస్తే 28. ఇది అచ్చంగా కోడ్‌లో తప్పు. మీరు మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపినా ఇది బయటపడదు. తొమ్మిది క్రాష్‌ల డంపులూ ఉండి ఉంటే అన్నిటిలోనూ ఇదే 28 కనపడేదని నా నమ్మకం.

స్టాక్‌ని కింది నుంచి పైకి చదవాలి, ముందు జరిగింది కింద ఉంటుంది. వైఫై డ్రైవర్ ప్యాకెట్ అందుకుని ఎన్‌డీఐఎస్‌కి ఇచ్చింది. ఎన్‌డీఐఎస్ దాన్ని దారిలో ఉన్న ఫిల్టర్‌కి, అంటే ప్యాకెట్లను మధ్యలో పరిశీలించే ఆ యాంటీవైరస్ డ్రైవర్‌కి, ఇచ్చింది. ఫిల్టర్ ఏదో చేసి, ఖాళీ పాయింటర్‌తో మళ్లీ ఎన్‌డీఐఎస్ ఫంక్షన్‌ని పిలిచింది. చదవబోయిన చేయి ఎన్‌డీఐఎస్‌ది, అందుకే తెర మీద దాని పేరు. ఆ ఖాళీ చీటీ చేతికిచ్చింది ఫిల్టర్.

వైఫై డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా ఎందుకు తగ్గలేదో కూడా ఇందులోనే ఉంది. ఇలాంటి ఫిల్టర్ ఒక కార్డుకి మాత్రమే అతుక్కోదు, కొత్త అడాప్టర్ ఏది వచ్చినా దాని మీదా వచ్చి కూర్చుంటుంది: వైఫై, ల్యాన్, టెథరింగ్, అన్నీ. డ్రైవర్ తీసి వేసిన ప్రతిసారీ ఫిల్టర్ మళ్లీ తన చోట్లో ఉంది. వీడియో కాల్‌లోనే ఎందుకంటే, కాల్ సాగినంతసేపూ ప్యాకెట్లు ఆగకుండా ఆ దారిన పోతూనే ఉంటాయి, తప్పు తగిలే అవకాశం అంత ఎక్కువ.

విన్‌డీబీజీలో ఎల్-ఎం-వి-ఎం, ఖాళీ, ఆ మాడ్యూల్ పేరు కొట్టండి. టైమ్‌స్టాంప్ ఏ సంవత్సరం? విండోస్ సొంత ఫైళ్లకి ఇక్కడ "రీప్రొడ్యూసిబుల్ బిల్డ్" అని వస్తుంది, వాటికి తేదీ దొరకదు, కంగారు పడకండి. బయటి కంపెనీ ఫైళ్లకి ఎక్కువగా తేదీ ఉంటుంది.

మరొక మాట. మినీడంప్ చిన్నది, పంచుకున్నా పెద్ద ప్రమాదం లేదు. పెద్ద మెమరీ డాట్ డీఎంపీ అలా కాదు, కెర్నల్ మెమరీ అంతా అందులో ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ది అయితే ఎక్కడా అప్‌లోడ్ చేయకండి.

పెన్నా_ఒడ్డు

టైమ్‌స్టాంప్ 2018. మరి ఆ డాట్ సిస్ ఫైలుని డ్రైవర్స్ ఫోల్డర్ నుంచి డిలీట్ చేసేయనా?

తుంగభద్ర

వద్దు వద్దు, ఆగండి! ఫైలు పీకేస్తే నెట్ మొత్తం పోవచ్చు. ఎన్‌డీఐఎస్ ఫిల్టర్లు రెండు రకాలు. ఐఎన్‌ఎఫ్ ఫైలులో (డ్రైవర్ ఇన్‌స్టాల్ వివరాలు ఉండే ఫైలు) "ఫిల్టర్ రన్ టైప్" 2 అని ఉంటే ఆప్షనల్, అది లేకపోయినా నెట్ నడుస్తుంది. 1 అని ఉంటే మ్యాండేటరీ: ఆ ఫిల్టర్ లోడ్ కాకపోతే అడాప్టర్ మీద ప్రోటోకాల్స్ ఏవీ నిలబడవు. ఫైలు పోయి, రిజిస్ట్రీలో పేరు మిగిలితే వైఫై కనెక్ట్ అవుతుంది కానీ ఐపీ రాదు, అప్పుడు మీకు ఈ ఫోరం కూడా తెరుచుకోదు.

వరుస ఇలా పెట్టుకోండి.

మొదట రీస్టోర్ పాయింట్. బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసిపెట్టుకోండి. విండోస్ 11 హోమ్‌లో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు, కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది.

రెండోది, తాత్కాలికంగా విప్పి చూడటం. రన్‌లో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్, వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. అక్కడ కనపడే జాబితాలో ఆ కంపెనీ ఫిల్టర్ ఉంటే టిక్ తీసేసి ఓకే. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కొద్దు, టిక్ మాత్రమే తీయండి. జాబితాలో లేకపోతే పవర్‌షెల్ అడ్మిన్‌గా తెరిచి గెట్-నెట్‌అడాప్టర్‌బైండింగ్, -ఆల్‌బైండింగ్స్ కొట్టండి, దాక్కున్నవి కూడా బయటపడతాయి. "కాంపోనెంట్ ఐడీ" వరుసలో ఉన్న పేరు నోట్ చేసుకోండి, తర్వాత అదే కావాలి. ఈ స్థితిలో ఒకరోజు కాల్స్ చేసి చూడండి. క్రాష్ ఆగితే మన అనుమానం ఖాయం.

మూడోది, శాశ్వతంగా తీయడం. ఆ యాంటీవైరస్ కంపెనీ సైటులో "రిమూవల్ టూల్" అని విడిగా ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ అన్‌ఇన్‌స్టాల్ వదిలేసిన డ్రైవర్లను ఏరడానికే అవి ఉన్నాయి. సేఫ్ మోడ్‌లో నడపడం మేలు. అది కూడా వదిలేస్తే, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌సీఎఫ్‌జీ -యు, ఖాళీ, ఆ కాంపోనెంట్ ఐడీ. ఇది ఫిల్టర్‌ని సరైన పద్ధతిలో విప్పుతుంది. తర్వాత రీస్టార్ట్.

యాంటీవైరస్‌లే కాదు, పాత వీపీఎన్ క్లయింట్లు, ప్యాకెట్ క్యాప్చర్ టూల్స్, వర్చువల్ మెషీన్ల బ్రిడ్జ్ డ్రైవర్లు, గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో "నెట్ బూస్ట్" పేరుతో వచ్చేవి, అన్నీ ఇదే దారిలో కూర్చుంటాయి. ఉద్యోగం మారినప్పుడల్లా సొంత ల్యాప్‌టాప్‌లో కొత్త ఆఫీసు వీపీఎన్ వేసుకుని పాతది అలాగే వదిలేసేవాళ్లు ఆ జాబితా ఒకసారి తప్పక చూసుకోవాలి.

కుప్పం_ప్యాసింజర్

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నాకూ నెట్‌వర్క్ క్రాషే అనుకుంటున్నాను, కోడ్ 307, అంటే 133. మొదటి ఆర్గ్యుమెంట్ 0, తర్వాత 501, 500. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేస్తుంటే వస్తోంది.

నల్లమల

వేరే థ్రెడ్ తెరవండి, డంప్ పెట్టండి. చిన్నగా మాత్రం చెబుతాను: 0 అంటే ఒకే ఒక్క డీపీసీ తన గడువు దాటింది. 500 ఇచ్చిన గడువు, 501 దాటిన లెక్క. డౌన్‌లోడ్‌లో వచ్చింది కాబట్టి నెట్‌వర్క్ అనుకోకండి, డౌన్‌లోడ్ అంటే డిస్క్ మీద రాయడం కూడా. 133కి స్టోరేజ్ డ్రైవర్, ఎస్ఎస్‌డీ ఫర్మ్‌వేర్ కూడా పెద్ద కారణాలే. తేల్చడానికి నెట్ పూర్తిగా ఆపి, యాభై జీబీ ఫైలుని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి కాపీ చేయండి. అప్పుడూ పడితే నెట్‌వర్క్‌ని వదిలేయండి. పడకపోతే లేటెన్సీమాన్ నడిపి, డౌన్‌లోడ్ పెట్టి, "డ్రైవర్స్" ట్యాబ్‌లో ఎక్కువ సమయం తీసుకున్నది ఎవరో చూడండి.

పెన్నా_ఒడ్డు

ఫిల్టర్ పేరు మామూలు జాబితాలో లేదు, పవర్‌షెల్‌లో దొరికింది. రిమూవల్ టూల్ సేఫ్ మోడ్‌లో నడిపాను, అయినా మిగిలింది. నెట్‌సీఎఫ్‌జీతో పోయింది. ఐదు రోజులుగా రోజుకి మూడు నాలుగు గంటల కాల్స్, డీ1 ఒక్కసారి కూడా రాలేదు. తుంగభద్ర గారికి, నల్లమల అన్నకి ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే.

షట్‌డౌన్ క్రాష్ మాత్రం నిన్న మళ్లీ వచ్చింది. 9ఎఫ్, మొదటి ఆర్గ్యుమెంట్ 3.

నల్లమల

9ఎఫ్‌లో 3 అంటే, "నిద్రపో" అనో "లే" అనో పంపిన పవర్ ఐఆర్‌పీని (విండోస్ డ్రైవర్‌కి పంపే పని చీటీ) ఒక డ్రైవర్ పట్టుకుని వదల్లేదు. నాలుగో ఆర్గ్యుమెంట్ ఆ ఐఆర్‌పీ చిరునామా. విన్‌డీబీజీలో ఆశ్చర్యార్థకం, ఐఆర్‌పీ, ఖాళీ, ఆ చిరునామా. వచ్చే వరుసల్లో ఒకదాని ముందు బాణం గుర్తు ఉంటుంది, ఐఆర్‌పీ ఇప్పుడు అక్కడ ఆగి ఉంది. ఆ వరుసలో డ్రైవర్ పేరు చూడండి.

ఇంకో ప్రశ్న: "రీస్టార్ట్" నొక్కినప్పుడు ఎప్పుడైనా వచ్చిందా, లేక "షట్‌డౌన్" లోనేనా?

పెన్నా_ఒడ్డు

బాణం దగ్గర వైఫై డ్రైవరే. రీస్టార్ట్‌లో ఎప్పుడూ రాలేదు, షట్‌డౌన్‌లోనే.

తుంగభద్ర

అయితే ఈసారి వైఫై డ్రైవర్‌దే వంతు, తోడుగా ఫాస్ట్ స్టార్టప్.

విండోస్‌లో "షట్‌డౌన్" అంటే పూర్తిగా ఆపడం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే యూజర్‌ని లాగౌట్ చేసి, కెర్నల్‌నీ డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టు హైబర్‌ఫిల్ డాట్ సిస్‌లో దాచిపెడుతుంది. మర్నాడు ఆన్ చేస్తే డ్రైవర్ మొదటి నుంచి లోడ్ కాదు, నిన్నటి స్థితితోనే లేస్తుంది. "రీస్టార్ట్" లోనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. అందుకే మీకు రీస్టార్ట్ సాఫీగా ఉంది.

కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ", పైన "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్" నొక్కితేనే కింది టిక్‌లు తెరుచుకుంటాయి. "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" తీసేయండి. హైబర్నేట్ వాడనివాళ్లు పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొడితే రెండూ పోతాయి, సీ డ్రైవ్‌లో కొన్ని జీబీల చోటూ మిగులుతుంది.

ఇది లక్షణాన్ని ఆపుతుంది, డ్రైవర్‌ని బాగుచేయదు. స్లీప్‌లో మళ్లీ తగలొచ్చు కాబట్టి డ్రైవర్ కూడా మార్చండి, కానీ మీరు ఇంతకుముందు మార్చిన తీరులో చిక్కు ఉంది. డివైస్ మేనేజర్‌లో తీసి రీస్టార్ట్ చేస్తే, విండోస్ తన డ్రైవర్ స్టోర్‌లో దాచుకున్న అదే పాత ప్యాకేజీని మళ్లీ వేస్తుంది. మీరు రెండుసార్లూ వేసుకున్నది పాతదే అయి ఉంటుంది. డ్రైవర్ ట్యాబ్‌లో వెర్షన్ నంబర్ మారిందో లేదో చూసుకోవాలి.

సరైన వరుస: ల్యాప్‌టాప్ తయారీదారు సపోర్ట్ పేజీలో మీ మోడల్ నంబర్‌తో డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. అక్కడ ఉన్నది మరీ పాతదైతే చిప్ తయారీదారు సైటుకి వెళ్లండి. డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే చిప్ ఎవరిదో తెలుస్తుంది: వెండర్ నంబర్ 8086 ఇంటెల్, 10ఈసీ రియల్‌టెక్, 168సీ క్వాల్‌కామ్ ఏథెరాస్. "డ్రైవర్ అప్‌డేటర్" యాప్‌ల జోలికి మాత్రం పోకండి.

ఇప్పుడున్న డ్రైవర్లను దాచుకోండి: పి-ఎన్-పి-యుటిల్ /ఎక్స్‌పోర్ట్-డ్రైవర్, నక్షత్రం గుర్తు, ఫోల్డర్ పేరు. ఫోల్డర్ ముందే తయారుచేసి ఉండాలి. తర్వాత నెట్ ఆపండి, లేకపోతే విండోస్ అప్‌డేట్ మీకంటే ముందే ఏదో ఒకటి వేసేస్తుంది. డివైస్ మేనేజర్‌లో "అన్‌ఇన్‌స్టాల్ డివైస్", అక్కడ "అటెంప్ట్ టు రిమూవ్ ద డ్రైవర్" టిక్ పెట్టండి. పి-ఎన్-పి-యుటిల్ /ఎనమ్-డ్రైవర్స్ /క్లాస్ నెట్ కొట్టి, ఆ వైఫైకి చెందిన పాత ఓఈఎం నంబర్లు (బయటి డ్రైవర్ ప్యాకేజీలకు విండోస్ పెట్టే పేర్లు) ఇంకా ఉన్నాయేమో చూసి, ఒక్కొక్కటి /డిలీట్-డ్రైవర్, ఆ నంబర్ ఐఎన్‌ఎఫ్, /అన్‌ఇన్‌స్టాల్ తో తీసేయండి. బ్లూటూత్ ఆ కార్డులోనే ఉన్నా దాని డ్రైవర్ వేరు, దాన్ని తీయొద్దు. రీస్టార్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లోది వేయండి.

గుంటూరుమిర్చి

ఇంత చదివాక నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం: డ్రైవర్ వెరిఫయర్ (డ్రైవర్ల తప్పులు పట్టే విండోస్ సొంత టూల్) పెడితే ఇవన్నీ ఒక్క దెబ్బకి తేలిపోవా?

నల్లమల

డంప్‌లో దోషి దొరికినప్పుడు అవసరం లేదు మిర్చి గారూ. డంప్‌కో పేరు వస్తూ, ర్యామ్ బాగుందని తేలాక అది బయటికి తీయాలి. పెట్టేటప్పుడు "ఆల్ డ్రైవర్స్" ఎన్నడూ ఎంచుకోకండి. అనుమానం ఉన్న బయటి డ్రైవర్లు ఒకటో రెండో, స్టాండర్డ్ సెట్టింగ్స్, ఒకటి రెండు రోజులు మామూలుగా వాడటం. వెరిఫయర్ కావాలనే మెషీన్‌ని పడగొడుతుంది, 196 వస్తే, అంటే సీ4, తప్పు పట్టుకున్నట్టు. బూట్ దగ్గరే పడుతూ ఉంటే, బూట్ మధ్యలో పవర్ బటన్‌తో రెండు మూడు సార్లు ఆపితే రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ వెరిఫయర్ /రీసెట్. తుంగభద్ర గారు చెప్పిన బిట్‌లాకర్ కీ ఇక్కడ అడుగుతుంది, అది లేకుండా వెరిఫయర్ మొదలుపెట్టకండి.

ఎస్పీరోడ్_టెక్

కార్డే పోయిందా, డ్రైవరా అన్నది తేల్చడానికి నేను వాడే పద్ధతి ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్. ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" తో తెరిచి, వైఫై కనెక్ట్ చేసి, రెండు గంటలు వీడియో ఆడించండి. టెర్మినల్‌లో సూడో డీమెసేజ్, డీ-ఎం-ఈ-ఎస్-జి, కొడితే కార్డు రీసెట్ అయినా, ఫర్మ్‌వేర్ క్రాష్ అయినా ఎర్రగా కనపడుతుంది. అక్కడ శుభ్రంగా నడిస్తే కార్డు మీద డబ్బు పెట్టకండి.

పెన్నా_ఒడ్డు

అప్‌డేట్, పన్నెండు రోజుల తర్వాత.

ఎనమ్-డ్రైవర్స్‌లో ఆ వైఫైవి మూడు ప్యాకేజీలు దొరికాయి, ఒకదానికంటే ఒకటి పాతవి. మూడూ తీసి కొత్తది వేశాను, ఈసారి వెర్షన్ నంబర్ నిజంగా మారింది. మొదటి ఆరు రోజులు ఫాస్ట్ స్టార్టప్ ఆపి ఉంచాను, క్రాష్ లేదు. ఏడో రోజు నుంచి కావాలనే మళ్లీ ఆన్ చేశాను, రెండిటిలో ఏది పనిచేసిందో తెలియాలని. ఆరు రోజులూ రాత్రి షట్‌డౌన్, పొద్దున ఆన్. 159 రాలేదు, 10317 కూడా లేదు. కాబట్టి డ్రైవరే. ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ ఆపేశాను, ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో బూట్‌కి తేడా నాలుగైదు సెకన్లే.

విండోస్ అప్‌డేట్ పాత డ్రైవర్‌ని మళ్లీ తేకుండా ఏం చేయాలి? నాది హోమ్ ఎడిషన్, గ్రూప్ పాలసీ లేదు.

తుంగభద్ర

అదే ఎస్‌వైఎస్‌డీఎం డాట్ సీపీఎల్‌లో "హార్డ్‌వేర్" ట్యాబ్, "డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్", "నో" పెట్టండి. నెలకోసారి అప్‌డేట్లు పడ్డాక వైఫై డ్రైవర్ వెర్షన్ నంబర్ ఒకసారి చూసుకోండి. మారి ఉంటే డ్రైవర్ ట్యాబ్‌లోనే "రోల్ బ్యాక్ డ్రైవర్" వెలుగుతుంది. మీ పెన్‌డ్రైవ్‌లోని ఫైలు మాత్రం చెరపకండి.

పెన్నా_ఒడ్డు

పెట్టాను. ఇప్పుడున్న వెర్షన్ నంబర్ కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ కింద అతికించాను. థ్రెడ్ టైటిల్‌కి "పరిష్కారమైంది" అని చేరుస్తున్నాను.